రెండు గ్రాముల పుస్తకం

చదివేవాళ్లకు ముందుగా ఒక మాట. నేను చదివింది అయిదో తరగతి వరకే, అది కూడా పూర్తిగా కాదు. పని చేసినన్నాళ్లూ నేను రాసినవి ఫ్రేముల కొలతలే, అవి కూడా చెక్క మీద పెన్సిల్‌తో. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో నాకు ఇప్పటికీ అనుమానమే. తప్పులుంటాయి. తెలిసే రాస్తున్నాను.

రాష్ట్రం రెండుగా విడిపోయిన సంవత్సరం వానాకాలంలో నేను ప్రొద్దుటూరులోని కనక చిత్రశాలలో ఫ్రేములు కట్టే పనికి చేరాను. అది బంగారు రేకు అతికించిన దేవుడి బొమ్మలు అమ్మే షాపు. బంగారు అంగళ్ల వీధి చివర ఉండేది. షాపులో ఓనరు రత్నమయ్య గారి తరువాతి హోదా నాదే. నా తరువాత ఇంకెవరూ లేరు కాబట్టి ఆఖరి హోదా కూడా నాదే. విజిటింగ్ కార్డు మీద మాత్రం నా పేరు ఓబులేసు కింద 'ప్రొడక్షన్ ఇన్‌చార్జ్' అని వేయించారు. ఆ కార్డు చూసి ఒక బ్యాంకు నుంచి కారు లోను కావాలా అని ఫోన్ వచ్చింది. అప్పుడు నేను సైకిలు పంక్చరు వేయించుకుంటున్నాను.

ఈ బొమ్మలు ఎలా తయారవుతాయో తెలియని వాళ్ల కోసం చెప్తాను. ముందు చెక్క మీద గుడ్డ అతికించి, సుద్దపొడి, జిగురు కలిపి పూత పూస్తారు. దాని మీద దేవుణ్ణి గీస్తారు. నగలు, కిరీటం, మంటపం వచ్చే చోట అదే సుద్దను గట్టిగా కలిపి ఉబ్బెత్తుగా పెడతారు. రాళ్లు పొదుగుతారు. ఆ ఉబ్బు మీద బంగారు రేకు అతికిస్తారు. తరువాత రంగులు. అన్నిటికంటే చివర ముఖం. కన్నూ కనుబొమ్మా గీసి ముఖం దించే రోజు ఆర్టిస్టు ఇంకే పనీ పెట్టుకోడు. రేకు వంకర పోతే సర్దవచ్చు, కనుబొమ్మ వంకర పోతే దేవుడు ఆర్నెల్ల శ్రమ మీద కోపంగా ఉన్నట్టు కనిపిస్తాడు.

బంగారు రేకు పుస్తకంలా వస్తుంది. ఉల్లిపొర కంటే పలుచని రేకు ఒకటి, దాన్ని కాపాడే కాగితం ఒకటి, మళ్లీ రేకు, మళ్లీ కాగితం. గాలి తగిలితే రేకు ఎగిరిపోతుంది. అందుకని కాగితం నుంచి నేరుగా బొమ్మ మీదికి దించుతారు. రేకు అయిపోయాక చేతిలో కాగితాల పుస్తకం మిగులుతుంది.

రత్నమయ్య గారు మొదట నగల వ్యాపారం చేసి బొమ్మల వ్యాపారంలోకి వచ్చిన మనిషి. వ్యాపారం మారింది కానీ కాటా మారలేదు. గాజు పెట్టెలో ఉండే ఆ చిన్న కాటా ఆయన కుడిచేతి పక్కనే ఉండేది. చేతికి అందిన ప్రతి వస్తువునూ దాని మీద పెట్టడం ఆయనకు అలవాటు. ఎవరైనా పెండ్లి పత్రిక ఇస్తే ముందు దాన్ని తూచి, బరువును బట్టి చదివింపులు ఎంతో తేల్చుకునేవారు. తిరుమల లడ్డు ఇస్తే తూచి, "ఈ మధ్య తగ్గిచ్చినారబ్బా" అనేవారు. తూచడమే కాదు, వచ్చిన అంకెను పైకి చదివేవారు. నగల షాపులో కొనేవాడికి వినపడేలా చదవాలి కదా, ఆ గొంతే మిగిలిపోయింది.

రేకు పుస్తకాన్ని కూడా అలాగే తూచారు. కాగితాలతో కలిపి రెండు గ్రాములు వచ్చింది. అప్పటి నుంచి మా షాపులో దాని పేరు 'రెండు గ్రాముల పుస్తకం'. అది మాకు తూకంలా అనిపించేది కాదు, పేరులా అనిపించేది. ఆర్టిస్టుకు రెండు గ్రాముల పుస్తకం ఇచ్చేవాళ్లం. బొమ్మ తెచ్చినప్పుడు బొమ్మ ఖరీదులో పుస్తకం ఖరీదు పట్టుకుని మిగతాది ఇచ్చేవాళ్లం. అందరికీ సరిపోయేది, ఎవరూ గొడవ పడలేదు.

కొనేవాళ్లకు రాసే బిల్లులో మాత్రం రత్నమయ్య గారు 'బంగారం: ఇన్ని గ్రాములు' అని వేరే వరుస రాసేవారు. మూడు పుస్తకాలు పట్టిన బొమ్మకు ఆరు గ్రాములు. ఆ రోజు బంగారం రేటుతో గుణించి వసూలు చేసేవారు. కొనేవాళ్లకు కూడా ఆ వరుసే ఇష్టం. బొమ్మ బాగుందా లేదా చెప్పడం కష్టం, ఆరు గ్రాములు అని చెప్పడం సులభం.

మాకు ముఖ్యమైన ఆర్టిస్టు జమ్మలమడుగు మహబూబ్ బాషా. బోర్డులు రాసే పనితో మొదలుపెట్టి, ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక, ఈ పని నేర్చుకున్నాడు. శ్రీనివాసుడి ముఖం దించడంలో మా వైపు అతన్ని మించిన వాళ్లను నేను చూడలేదు. చెక్కలు, రేకు పుస్తకాలు సంచిలో పెట్టుకుని బస్సులో అతని ఇంటికి చేర్చడం, తయారైన బొమ్మను దుప్పట్లో చుట్టి తీసుకురావడం ప్రొడక్షన్ ఇన్‌చార్జ్ పనుల్లో ఒకటి.

బాషా తమ్ముడు ఖాదర్ గల్ఫ్‌లో ఒక లాండ్రీలో పనిచేసేవాడు. నేను చెప్పబోయే సంగతి గల్ఫ్ పక్కన యుద్ధం మొదలైన ఎండాకాలం జరిగింది.

ఆ యుద్ధం వల్ల ఖాదర్ లాండ్రీ మూతపడింది. జీతం ఆగింది. విమానాలు కొన్నాళ్లు ఆగి, మళ్లీ ఒకటీ అరా మొదలయ్యాయి. టికెట్టు ధర మామూలు కంటే ఎన్నో రెట్లు పెరిగింది. ఖాదర్ దగ్గర లేదు. బాషా దగ్గరా లేదు, కానీ మా షాపులో ఉంది. మూడు బొమ్మలు అమ్ముడుపోయాయి, రేకు ఖర్చు పోను షాపు అతనికి అరవై వేలు ఇవ్వాలి. ఆ డబ్బు వస్తే టికెట్టు కొని తమ్ముణ్ణి తెప్పించుకోవచ్చని బాషా లెక్క.

నేను చెక్క ఇవ్వడానికి పోయినప్పుడు బాషా ఫోన్ గోడకు ఆనించి పెట్టుకుని పని చేస్తున్నాడు. ఫోన్‌లో ఖాదర్ ఉన్నాడు. నన్ను చూసి పలకరించాడు.

"ఓబులేసన్నా, బాగుండావా? ఈడ శానా మర్యాదప్పా మాకు. సైరన్ మోగితే అందరూ కిందికి ఉరుకుతారు. మా సూపర్‌వైజరు మాత్రం మెట్ల కాడ నిలబడి హాజరు ఏసుకుంటాండాడు."

బాషా నవ్వలేదు. అతని ముందు పులివెందుల రామలక్ష్మమ్మ గారి బొమ్మ ఉంది. పద్మావతీ శ్రీనివాసుల కల్యాణం. రేకు పని అయిపోయింది, రంగులు కూడా అయిపోయాయి. ముఖాలు మాత్రం తెల్లగా ఉన్నాయి. ఎప్పుడు దించుతావు అని అడిగాను.

"చెయ్యి నిలబడాలన్నా," అన్నాడు. "ఫోన్ మోగితే వణుకుతాంది. మోగకుంటే ఇంగా వణుకుతాంది. వాడు వచ్చే దారి తేలితే ఒక్క పూటలో దించుతా."

ఆ మాట షాపులో చెప్పాను. రత్నమయ్య గారు విన్నారు కానీ అప్పటికి ఆయన యుద్ధంలో మునిగి ఉన్నారు.

ఆ యుద్ధం ఎక్కడ జరుగుతోందో ఆయన మ్యాపులో చూపించలేరు. కానీ దాన్ని ఎక్కడెక్కడ వాడుకోవచ్చో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. షాపులో టీవీ పెట్టించారు. దాంట్లో ఎప్పుడూ ఎర్ర బాణాలు ఎగురుతూ ఉండేవి. కొనేవాళ్లు రేటు తగ్గించమంటే టీవీ వైపు చెయ్యి చూపించేవారు. నేను జీతం పెంచమంటే టీవీ వైపు. మధ్యాహ్నం టీ మానేశారు. పాలు గల్ఫ్ నుంచి రావు కదా అని అడిగితే, "పాలు రావు, గ్యాసు వస్తాదప్పా" అన్నారు. షాపు కరెంటు బిల్లు కూడా యుద్ధం ముగిశాకే కట్టాలనుకున్నారు గానీ, లైన్‌మ్యాన్‌కు యుద్ధం సంగతి తెలియక ఫ్యూజు పీకేశాడు.

బాషా లెక్క చూసుకోవడానికి వచ్చిన రోజు నేను షాపులో ఫ్రేము మూలలు కోస్తున్నాను. అతను రెండు చేతులూ కట్టుకుని నిలబడి, తమ్ముడి టికెట్టు సంగతి చెప్పి, డబ్బు అడిగాడు.

"యుద్ధం జరుగుతాంటే దుడ్లు అడుగుతాండావేంది బాషా? టీవీ సూడవా నువ్వు?"

"సూడను మామా. నాకు ఫోన్లోనే వినపడుతాంది," అన్నాడు బాషా.

రత్నమయ్య గారు అది పట్టించుకోలేదు. కాలిక్యులేటర్ దగ్గరికి లాక్కున్నారు. అప్పుడు ఆయన చెప్పిన లెక్కను వీలైనంత తేలికగా రాస్తాను, ఎందుకంటే నాకే రెండు రోజులు పట్టింది అర్థం కావడానికి.

బొమ్మల ఖరీదు రూపాయల్లో అనుకున్నాం, కాబట్టి యుద్ధానికి ముందు అనుకున్న రూపాయలే. రేకు మాత్రం గ్రాముల్లో తీసుకున్నావు. పులివెందుల బొమ్మకు పట్టిన మూడింటితో కలిపి రెండు గ్రాముల పుస్తకాలు ఆరు, అంటే పన్నెండు గ్రాములు. బంగారం అప్పుగా తీసుకుంటే బంగారంగానే తిరిగి ఇవ్వాలి, అది ప్రొద్దుటూరు పద్ధతి. బంగారం చేతిలో లేకపోతే ఈ రోజు రేటుకు కట్టాలి. యుద్ధం వల్ల ఈ రోజు రేటు ఆకాశంలో ఉంది. ఇలా కలిపి, తీసేసి, గుణించి చూస్తే, షాపు బాషాకు ఇవ్వాల్సిన అరవై వేలు తిరగబడి, బాషానే షాపుకు దాదాపు అరవై వేలు ఇవ్వాలని తేలింది.

"అంకె అదే కదప్పా," అన్నారు రత్నమయ్య గారు ఓదార్పుగా. "చేతులు మారినాయి, అంతే."

బంగారం అప్పును బంగారంగా తీర్చే పద్ధతి మా ఊళ్లో ఉన్న మాట నిజమే. నగల వాళ్లు, కంసాలులు అలాగే చేసుకుంటారు. అందుకని బాషాకు ఎక్కడ తప్పుందో తెలియలేదు. నాకూ తెలియలేదు. ఏదో సరిగ్గా లేదని మాత్రం ఇద్దరికీ తెలుసు, కానీ ఆ సంగతి కాలిక్యులేటర్‌కు తెలియదు.

"మరి మా వాడు ఎట్ల రావల్ల మామా?" అని ఒక్కటే అడిగాడు.

"గవర్నమెంటు ఊరికే తీసకొస్తాదంట, టీవీలో సెప్పినారు," అన్నారు రత్నమయ్య గారు. "నువ్వు పులివెందలామె బొమ్మకు మొగాలు దించు ముందు. ఆ దుడ్లలో కొంత జమేసుకుంటాలే."

రెండు వారాలు గడిచాయి. బాషా ముఖాలు దించలేదు. మొండికేసి కాదు, రెండుసార్లు కూర్చుని లేచాడట. పనికిరాని గాజు మీద గీసి చూసుకుంటే కనుబొమ్మ వణికిందట. రామలక్ష్మమ్మ గారు రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టారు. ఆమెకు పులివెందులలో కొత్తగా కట్టిన కల్యాణ మంటపం ఉంది. తెరిచే తేదీ దగ్గరపడింది. బొమ్మకు డబ్బు మొత్తం ముందే కట్టారు, బంగారం ఆరు గ్రాములతో సహా. మా ఓనరు ప్రతిసారీ యుద్ధం అని చెప్పి పెట్టేసేవారు. ఒకరోజు ఆమె ఫోన్ చేయడం మానేసి నేరుగా షాపుకే వచ్చారు.

"ఏమప్పా రత్నమయ్యా, నా దేవుడు యాడుండాడు? ఇచ్చేదుందా, లేకుంటే గోడకు క్యాలెండరు తగిలిచ్చుకోమంటావా?"

"అమ్మా, యుద్ధం..."

"యుద్ధం పులివెందల కాడికి వచ్చిందా? బస్సులు తిరుగుతాండాయి, నేను దాంట్లోనే వస్తి. కండక్టరు టికెట్టుకు ఎక్కువ కూడా అడగల్యా."

ఆమె కుర్చీ లాక్కుని ఫ్యాను కింద కూర్చున్నారు. రత్నమయ్య గారు సోడా తెప్పించారు. యుద్ధం మొదలైన తరువాత షాపులోకి వచ్చిన మొదటి సోడా అది.

బాషా అదే రోజు వచ్చాడు. ఎవరూ అనుకుని చేసింది కాదు. అతని చేతిలో దారంతో కట్టిన చిన్న కాగితాల కట్ట ఉంది. దాని గురించి చెప్పాలి. మా ఊరి బంగారు వీధుల్లో ఏదీ పారేయరు. కంసాలి అంగళ్లలో చిమ్మిన దుమ్మును కూడా కొనుక్కుని పోయి, కడిగి, అందులో రవ్వలు తీసేవాళ్లున్నారు. రేకు పుస్తకాల కాగితాలకు కూడా అక్కడక్కడ బంగారు పొడి అంటుకుని ఉంటుంది. అందుకని బాషా ఖాళీ పుస్తకాలన్నీ దాచుకుని, వాటిని ఏడాదికోసారి ఆ దుమ్ము కొనేవాళ్లకు అమ్ముతాడు. ఎక్కడా అప్పు పుట్టక, ఇదొక్కటి మిగిలి, ముందుగానే అమ్మడానికి తెచ్చాడు. వాళ్లు తూకంలో మోసం చేస్తారని, మా కాటా మీద ఒకసారి చూసుకుని పోదామని షాపులోకి వచ్చాడు.

"ఓబులేసన్నా, దీన్ని రోంత తూచిపెడతావా," అని కట్టను బల్ల మీద పెట్టాడు.

నేను రంపం కింద పెట్టే లోపల రత్నమయ్య గారి చెయ్యి వచ్చింది. అది ఏమిటని ఆయన అడగలేదు. చూడను కూడా చూడలేదు, ఆయన చూపు టీవీ మీద ఉంది. చేతికి అందింది కాబట్టి కాటా మీద పెట్టారు. అంకె వచ్చింది కాబట్టి పైకి చదివారు.

"పది గ్రాముల నాలుగు వందల మిల్లీ!"

రామలక్ష్మమ్మ గారు సోడా దించారు. "ఏంది పది గ్రాములు? బంగారమా?"

"కాదమ్మా," అన్నాడు బాషా. "రేకు పుస్తకాల కాగితాలు. రేకు తీసేసినంక మిగిలినేటివి."

"ఎన్ని పుస్తకాలయి?"

"ఆరమ్మా."

"పుస్తకం ఎంత?"

"రెండు గ్రాములు."

ఆమె వేళ్లు మడిచారు. నోట్లో ఏదో అనుకున్నారు. కల్యాణ మంటపం కట్టించిన మనిషి, ఇటుకల లారీ లెక్క దించుకోవడం వచ్చిన మనిషి. ఆమెకు రెండు రోజులు పట్టలేదు.

"ఆర్రెండ్లు పన్నెండు. ఉత్త కాగితమే పదిన్నర. ఇంగ బంగారం యాడుండాదప్పా రత్నమయ్యా?"

రత్నమయ్య గారి చెయ్యి అలవాటుగా టీవీ వైపు లేచింది. టీవీలో బాణాలు ఎగురుతూనే ఉన్నాయి.

ఆమె కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నారు. బాషాను పిలిచి అతని బాకీ సంగతంతా అడిగి తెలుసుకున్నారు. తరువాత ఆమె అన్న మాటలు నాకు ఇప్పటికీ వరుసగా గుర్తున్నాయి.

"ఒక్క మాట సెప్పప్పా. ఈ కట్ట బంగారమా, కాగితమా? బంగారమైతే ఆయప్ప బాకీ నీ కాటా మీదనే ఉండాది, తీసుకో, ఆయప్ప దుడ్లు ఆయప్పకిచ్చేయ్. కాగితమైతే నా బిల్లులో ఆరు గ్రాములని రాసినావే, అది కొట్టేసి తిరగ రాయి. మిగిలింది నా చేతిలో పెట్టు."

రత్నమయ్య గారు ఫ్యాను వైపు చూశారు. ఆయన లెక్క వేసేటప్పుడు ఫ్యాను వైపు చూస్తారు. ఆయన ఏ లెక్క వేశారో నాకు తరువాత అర్థమైంది. కట్ట బంగారం అన్నా, కాగితం అన్నా, బాషాకు అరవై వేలు ఇవ్వక తప్పదు. బంగారం అంటే అతను బాకీ తీర్చినట్టు, తగ్గిన గ్రామున్నర ఎటూ రేకు ఖర్చు కింద పట్టుకున్నదే. కాగితం అంటే అంత బాకీ అసలు లేనట్టు. తేడా ఒక్కటే. కాగితం అని ఒప్పుకుంటే రామలక్ష్మమ్మ గారికి కూడా తిరిగి ఇవ్వాలి. ఆమెకు ఇస్తే ఆమె ఊరుకోదు, ఇన్నేళ్లుగా గ్రాముల బిల్లు తీసుకున్న ప్రతివాడూ తన బొమ్మను సంకలో పెట్టుకుని షాపుకు వస్తాడు.

ఫ్యాను మూడు నాలుగు చుట్లు తిరిగింది. ఆయన ముఖంలోకి భక్తి వచ్చింది.

"బంగారమేనమ్మా," అన్నారు. "బంగారాన్ని తాకిన కాగితం బంగారం కాకుండా ఏమైతాది?"

కట్టను తీసి కండ్లకు అద్దుకున్నారు. లేచి, తాళంచెవి తీసి, ఇనప్పెట్టె తెరిచి, నిజమైన బంగారం పక్కన ఆ కాగితాల కట్టను పెట్టి తాళం వేశారు.

బాషా కంగారుపడ్డాడు. అతను అబద్ధం చూసి ఊరుకోలేని మనిషి, ముఖ్యంగా అది తనకు లాభమైనప్పుడు.

"మామా, దుమ్మోళ్లు దానికి వెయ్యి రూపాయలు కూడా..."

"నువ్వు నోరు మూసుకో బాషా," అన్నారు రామలక్ష్మమ్మ గారు.

డబ్బు మాత్రం రేపు ఇస్తానన్నారు ఓనరు. ఆమె సోడా సీసా కింద పెట్టి, పమిట సర్దుకుని, వెనక్కి ఆనుకుని కూర్చున్నారు. "సాయంత్రం బస్సుకు పోతాలేప్పా. అంతవరకు ఈడనే ఉంటా, ఫ్యాను బాగుండాది," అన్నారు. ఆ మధ్యలో ఇద్దరు కొనేవాళ్లు లోపలికి వచ్చారు. ఆమె వాళ్లను చూసి, "రాండి రాండి, బంగారం బొమ్మలకా?" అని పలకరించారు. రత్నమయ్య గారు సొరుగు తెరిచారు. నోట్లు లెక్కపెట్టి ఇచ్చారు. నేను ఆ షాపులో పనిచేసిన కాలంలో ఆయన కాటా మీద పెట్టకుండా ఒక వస్తువును చేతులు మార్చింది అప్పుడే.

ఇచ్చేటప్పుడు నన్ను పిలిచి ఫోటో తీయమన్నారు. బాషా చేతులు చాచి ఉన్నప్పుడు, ఈయన ఇస్తున్నట్టు, వెనక దేవుడు కనపడేలా. దాన్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు. కింద ఏం రాయాలని నన్ను అడిగితే నాకు చదువు రాదని తప్పించుకున్నాను. ఆయనే రాసుకున్నారు: 'యుద్ధ కష్టకాలంలో పేద కళాకారుడికి కనక చిత్రశాల చేయూత.' చాలామంది దండాలు పెట్టారు. బాషాకు ఇచ్చింది బాషా డబ్బే అని ఆ స్టేటస్‌లో పట్టలేదు.

రామలక్ష్మమ్మ గారు లేచే ముందు తన సంగతి కూడా తేల్చుకున్నారు. ఇంత ఆలస్యం చేసినందుకు టేకు ఫ్రేము, మంచి అద్దం, పులివెందుల దాకా చేర్చడం, గోడకు బిగించడం, అన్నీ ఉచితం. ఓనరు వెంటనే ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకోరు, చేయాల్సింది నేను కదా. ఆ రోజు లెక్కలో నిజంగా నష్టపోయింది ప్రొడక్షన్ ఇన్‌చార్జ్ ఒక్కడే.

టికెట్టు దొరికింది. ఖాదర్ చెన్నైలో దిగి, బస్సులు మారి జమ్మలమడుగు చేరాడు. నేను బొమ్మ తేవడానికి పోయినప్పుడు వరండాలో పడుకుని నిద్రపోతున్నాడు. వీధిలో ఎవరో ప్రెషర్ కుక్కర్ పెట్టినట్టున్నారు, ఈల వేసింది. అంత నిద్రలో కూడా లేచి మెట్ల కోసం వెతికాడు. ఆ ఇంటికి మెట్లు లేవు. కాసేపు నిలబడి, మమ్మల్ని చూసి సిగ్గుపడి నవ్వాడు.

"హాజరు ఏసుకో అన్నా," అన్నాడు నాతో.

లోపల ముఖాలు దించి ఉన్నాయి. పద్మావతి తల వంచుకుని ఉంది. శ్రీనివాసుడి కనుబొమ్మలు తిన్నగా ఉన్నాయి. ఖాదర్ చెన్నైలో దిగానని ఫోన్ చేసిన తరువాత కూర్చుని, లేవకుండా దించేశానని బాషా చెప్పాడు.

పులివెందులలో బొమ్మ బిగించడానికి నేనే పోయాను. బాగా ఎత్తులో, ఎదురుగా కనపడే గోడ మీద బిగించాను. దిగి చూస్తే రామలక్ష్మమ్మ గారు ఇంకొక చిన్న ఫ్రేము చేతికిచ్చి, దీన్ని కింద బిగించు అన్నారు. అందులో మా షాపు బిల్లు ఉంది. 'బంగారం: ఆరు గ్రాములు' అన్న వరుస కింద ఎర్ర గీత గీసి ఉంది. ఆ బంగారం సంగతి ఆమెకు తెలుసు, నాకూ తెలుసు, ఆమెకు తెలుసని నాకు తెలుసని కూడా ఆమెకు తెలుసు. నేను ఆమె మొహం చూశాను.

"సూస్తాండావేంది ఓబులేసూ? అందరికీ ఆరు గ్రాములని సెప్పుకున్యా. ఇప్పుడు ఒక గ్రాము కూడా ల్యాదని సెప్పమంటావా? బిగించు, బిగించు."

బిగించాను. మంటపం తెరిచాక ఒక పెండ్లికి పోతే, వచ్చినవాళ్లు ముందు ఆ బిల్లు చదివి, తరువాత తలెత్తి దేవుడికి దండం పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను.

ఆ తరువాత బాషా మా దగ్గర రేకు తీసుకోవడం మానేశాడు. సొంతంగా, రేకుల లెక్కన కొంటాడు, బొమ్మను రూపాయల్లో అమ్ముతాడు. ముఖం దించే ముందే డబ్బు తీసుకుంటాడు. ఖాదర్ అన్నకు సుద్ద రుబ్బి ఇస్తూ కొన్నాళ్లు ఉండి, మళ్లీ గల్ఫ్‌కే పోయాడు. యుద్ధం ఆగిపోయిందని టీవీలో చెప్పారు. మా షాపులో మాత్రం ఆగలేదు, మధ్యాహ్నం టీ ఇంకా రాలేదు. కాగితాల కట్ట ఇనప్పెట్టెలోనే ఉంది. దీపావళికి లక్ష్మీపూజలో దానికి కూడా కుంకుమ పెట్టారు. తీసి పారేస్తే అది కాగితమని ఒప్పుకున్నట్టు అవుతుందని రత్నమయ్య గారి భయం.

చూపు తగ్గి, కొలబద్ద మీది గీతలు కనపడక నేను పని మానేశాను. ఆ రోజు నాకు శాలువా కప్పి సన్మానం చేశారు. కప్పే ముందు శాలువాను కాటా మీద పెట్టారు.

ఈ పనిలోకి రాబోయేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. సరుకు ఏ లెక్కన తీసుకుంటున్నారో, ఏ లెక్కన తిరిగి ఇవ్వాలో తీసుకునే రోజే నలుగురి ముందు అనిపించుకోండి. చుట్టి ఇచ్చిన కాగితాన్ని పారేయకండి. ఇంకొకటి కూడా నేను చూశాను కాబట్టి రాస్తున్నాను. రామలక్ష్మమ్మ గారి బిల్లు ఆ రోజు మధ్యలో ఇరుక్కుని లేకపోతే, ఆ కాగితం ఎంత తూగినా బాషాకు ఒక్క రూపాయి వచ్చేది కాదు. న్యాయం కావాలనుకునేవాళ్లు, తమతో పాటు ఇంకెవరి డబ్బు ఇరుక్కుందో ముందు వెతుక్కోవాలి.

ఫ్రేము మూల కలవకపోతే మేము సందులో లప్పం పెట్టి రంగు పూసేవాళ్లం. నా రాతలో అక్షరాలు కలవని చోట అలా పూడ్చడం నాకు చేతకాలేదు. అక్కడ మీరే సర్దుకుని చదువుకుని, నా తప్పుల్ని మన్నించమని కోరుతున్నాను.